టమాటా తర్వాత వంకాయ వేస్తే పంట మార్చినట్టేనా? చేవెళ్ల వైపు ఒక చెలకలో మూడేళ్ళు

ముందే చెప్పేస్తా, ఇది నేను గెలిచిన కేసు కాదు. మొదటి ఏడాది నా సలహా విని ఆ రైతు నష్టపోయాడు, రెండో ఏడాది నష్టం ఆగింది, అసలు మార్చాల్సింది ఏంటో మూడో ఏడాదికి గానీ మా ఇద్దరికీ సరిగ్గా ఎక్కలేదు. నేనుండేది హైదరాబాద్‌లో, అత్తాపూర్ దగ్గర. కూరగాయల రైతులకు నేల, నీళ్ళు, తెగుళ్ళ మీద సలహాలు చెప్పడం నా పని, వారంలో నాలుగు రోజులు బండి మీదే. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు వస్తాయి కదా, ఆ దారిలో చేవెళ్ల అవతల ఉందీ పొలం. రైతు పేరు, ఊరు పేరు రాయను. నేను ఆయన్ని కాక అని పిలుస్తా, ఇక్కడా అలాగే రాస్తా.

నాలుగెకరాల ఎర్ర చెలక, ఇసుక పాలు ఎక్కువ. ఒక బోరు, రెండించుల నీళ్ళు. ఒక ఎకరంలో గేదెలకు గడ్డి, ఇంటి తిండికి కొంచెం వరి. మిగతా మూడెకరాలకు డ్రిప్పు ఉంది, అవి మూడు మడులు: బోరు మడి, నడిమి మడి, రోడ్డు మడి, ఒక్కోటి ఎకరం. పండింది పండినట్టు బోయినపల్లి మార్కెట్‌కు పోతుంది, కొంచెం సరుకు కాక భార్య చిన్నమ్మ స్వయంగా మెహిదీపట్నం రైతుబజారుకు తీసుకెళ్తుంది. సిటీకి ఇంత దగ్గర పొలమైతే టమాటా వదలడం ఎంత కష్టమో అర్థం చేసుకోవాలి. పొద్దున కోస్తే రాత్రికి చేతిలో డబ్బు, ఇంకే పంటకూ అంత సుఖం లేదు.

మొక్క పీకకుండా చెప్పిన వైద్యం

2023 ఫిబ్రవరిలో మొదటిసారి పిలిచారు. మూడు మడుల్లోనూ టమాటాయే, కట్టెలు పాతి దారం కట్టి పెంచిన తోట, కాయ మీదుంది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మొక్కలు తల వాల్చేస్తున్నాయి, సాయంత్రానికి మళ్ళీ లేస్తున్నాయి, ఆకులు పాలిపోయి ఉన్నాయి. రెండేళ్ళ కింద ఎకరానికి 800 బాక్సుల దాకా వచ్చిన చోట (బాక్సు అంటే 25 కిలోల క్రేటు) కిందటేడు 450 దాటలేదట. నేను చూసి నీళ్ళు చాలట్లేదన్నా, డ్రిప్పు అరగంట పెంచమన్నా. రెండు వారాలైనా తేడా లేదు. అప్పుడు బాక్టీరియా వడలు తెగులేమో అని అనుమానం వచ్చింది. దానికి పొలంలోనే ఒక పరీక్ష ఉంది, వాడిన మొక్క కాండాన్ని నేల దగ్గర అడ్డంగా కోసి గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో వేలాడదీస్తే, ఆ తెగులే అయితే కాసేపటికి కోసిన చోటు నుంచి పాల ధారలాంటిది కిందికి దిగుతుంది. చిన్నమ్మ టీ గ్లాసు కడిగి ఇచ్చింది, ముగ్గురం దాని చుట్టూ కూర్చుని పది నిమిషాలు చూశాం, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సరే ఇది కాదు, శిలీంధ్రం వల్ల వచ్చే వడలు అయ్యుంటుందని మొక్కల మొదళ్ళలో రెండుసార్లు మందు పోయించా. ఏడు వేలు ఖర్చు. ఫలితం సున్నా.

ఇంత చేసినవాణ్ణి ఒక్క మొక్కను వేళ్ళతో సహా పీకి చూడలేదు. సిగ్గుచేటే, కానీ కారణం చెప్తా: కాయ మీదున్న చెట్టును పీకమని రైతుకు చెప్పడానికి నోరు రాదు. మూడోసారి వెళ్ళినప్పుడు చిన్నమ్మ ఎండిపోయిన మొక్కలు పీకి గట్టు మీద పడేస్తోంది. వాటి వేళ్ళు చూసి అక్కడే కూలబడ్డా. సన్నగా దారాల్లా ఉండాల్సిన వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బి, ముడులు ముడులుగా, ఒక్కోచోట రుద్రాక్షలు గుచ్చినట్టు ఉన్నాయి. వేరుముడి నులిపురుగు, మందుల షాపుల్లో నెమటోడ్ అంటారు. పైకి కనబడే పురుగు కాదు, మట్టిలో ఉంటుంది, పిల్ల పురుగు వేరు కొసలోంచి లోపలికి దూరి అక్కడే స్థిరపడుతుంది, దాని చుట్టూ వేరు ఉబ్బుతుంది, నీళ్ళు పైకెక్కే దారి మూసుకుపోతుంది. మొక్క మధ్యాహ్నం వాడేది అందుకే. నేలలో నీళ్ళున్నాయి, పైకి తీసుకుపోయే గొట్టమే చెడింది. నేనేమో డ్రిప్పు పెంచా.

ఒక్కో ఆడ పురుగు 300 నుంచి 500 గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే నెల రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. అంటే నాలుగైదు నెలల టమాటా పంటలో నాలుగైదు తరాలు. ఇసుక నేలలు దీనికి మరీ ఇష్టం, మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో సులువుగా తిరుగుతుంది. ఇదంతా చెప్పి, ఏళ్ళ తరబడి టమాటా మీద టమాటా వేస్తే ఇంతే కాకా అన్నా. ఆయనకు కోపమొచ్చింది.

"మారుస్తనే ఉన్న గద సారూ! టమాటా అయినంక వంకాయ, వంకాయ అయినంక మల్ల టమాటా, మొన్న వానాకాలం బెండ వెయ్యలేదా?"

నిజమే. ఆయన లెక్కలో ప్రతి కారుకూ, అంటే ప్రతి పంట కాలానికీ, పంట మారింది. నా మాట తిరగరాయాల్సి వచ్చింది. టమాటా, వంకాయ ఒకే కుటుంబం, బెండ వేరే కుటుంబమే అయినా ఈ పురుగుకు అదంటే ప్రాణం, మధ్యలో ఒక మూలన వేసిన దోస, కాకర కూడా అంతే. మనకు మెనూ మారింది, దానికి మాత్రం రోజూ బిర్యానీయే. ఒక పంటనే మళ్ళీ మళ్ళీ వేసేవాడికీ, ఇలా మార్చేవాడికీ నేల లోపల తేడా ఏమీ ఉండదు. మార్పిడి అంటే గంపలో కూరగాయ పేరు మారడం కాదని ఆ రోజు ఆయనకు పెద్దరికంగా చెప్పి వచ్చా. నాకే పూర్తిగా తెలియదని తర్వాత తేలింది.

ఇంకో మాట కూడా అడిగాడు, మంచి ప్రశ్న. "మా నాయిన ఇరవై ఏండ్లు వరి మీద వరి వేసిండు, దానికేం కాలే. టమాటాకే ఎందుకైతది?" వరి మడిలో నెలల తరబడి నీళ్ళు నిలుస్తాయి, గాలి ఆడదు, మెట్ట నేలలో బతికే చాలా నులిపురుగులు, కొన్ని శిలీంధ్రాలు అక్కడ తట్టుకోలేవు. పైగా నిలవ నీళ్ళలో నాచు, కొన్ని సూక్ష్మజీవులు కొంత నత్రజని కూడా అందిస్తాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1963 నుంచి ఒకే మడిలో ఏడాదికి రెండు మూడు కార్లు వరి మీద వరి వేస్తూనే ఉన్నారు. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తున్నారు, పంట ఆగిపోలేదు. కాబట్టి ఒకే పంట వేస్తే నేల చచ్చిపోతుందని భయపెట్టేవాళ్ళ మాట నేను నమ్మను. ఏ పంట, ఏ నేల, ఆ నేలలో ఏ శత్రువు కాచుకుని కూర్చుంది అన్నదే లెక్క. కాక వాళ్ళ నాన్నది వరి మడి, కాకది ఇసుక చెలక.

పెసర వేయించిన పాపం

2023 వానాకాలానికి నా సలహా: మూడెకరాల్లోనూ టమాటా ఆపి పెసర వేయండి. ఎవరైనా చెప్పే సలహాయే, పప్పుజాతి వేస్తే నేల బాగుపడుతుంది, అరవై డెబ్బై రోజుల్లో చేతికొస్తుంది, ఖర్చు తక్కువ. కాక సగం మనసుతో ఒప్పుకున్నాడు, బోరు మడి, నడిమి మడి పెసరకు ఇచ్చి, రోడ్డు మడి మాత్రం ఇవ్వనన్నాడు. "ఒక్క ఎకరం నా ఇష్టం సారూ, టమాటా లేకుంట నాకు నిద్ర పట్టది." ఈ మొండితనం వల్లే ఈ కేసు రాయడానికి పనికొచ్చింది, పక్కపక్కనే ఒకటి మారింది, ఒకటి మారలేదు.

జులై వచ్చింది. ఆ ఏడాది జులైలో టమాటా ధర ఏమైందో హైదరాబాద్‌లో ఎవర్నడిగినా చెప్తారు. కిలో 100 దాటి ఇంకా పైకి పోయింది, ఇళ్ళల్లో చింతపండుతోనే సరిపెట్టుకున్నారు, హోటళ్ళలో టమాటా చట్నీ మాయమైంది. కాక రెండెకరాల్లో పెసర ఉంది. రోడ్డు మడిలో ముడులు పట్టిన వేళ్ళతో ఈసురోమంటూ నిలబడ్డ టమాటా 220 బాక్సులు కూడా ఇవ్వలేదు, కానీ ఆ ధరకు ఆ 220 బాక్సులకే జన్మలో చూడని డబ్బొచ్చింది. పెసరకు వచ్చింది కూలీకి, దున్నుడుకు సరిపోయింది. చిన్నమ్మ ఫోన్ చేసి ఏమీ తిట్టలేదు, "మంచిగనే చెప్పినవ్ బిడ్డా" అంది, అంతే. తిడితే బాగుండేది.

అంతటితో అయిపోలేదు. పెసర కోతకు ముందు వెళ్ళి ఈసారి బుద్ధిగా మొక్కలు పీకి చూశా. వేళ్ళ మీద బుడిపెలు కనిపించాయి. పప్పుజాతి కదా, గాలిలోంచి నత్రజని లాగే బుడిపెలు బాగా పట్టాయని సంబరపడి ఫోటో కూడా తీసుకున్నా. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే అనుమానమొచ్చింది, మర్నాడు మళ్ళీ వెళ్ళా. ఇక్కడ తేడా తెలుసుకోవడం ఎవరికైనా పనికొస్తుంది: నత్రజని బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, బొటనవేలితో నెడితే ఊడొస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు కనబడుతుంది. నులిపురుగు ముడి అలా కాదు, వేరే ఉబ్బి ముడి అయి ఉంటుంది, ఎంత నెట్టినా ఊడదు, లాగితే వేరు తెగుతుంది. కాక పొలంలో రెండూ ఉన్నాయి, రెండో రకమే ఎక్కువ. పెసర కూడా ఈ పురుగుకు తిండే. నేను దానికి ఇంకో పూట భోజనం వడ్డించా.

పప్పుజాతి మంచిదే, నత్రజని లెక్కకు. ఆ ఒక్క లెక్క అన్ని రోగాలకూ పనిచేస్తుందని అనుకోవడం నా తప్పు. చాలామంది ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) ప్రయోగం చెప్తుంటారు, పటాన్‌చెరులో నల్లరేగడి మీద 1976 నుంచి నడుస్తున్నది, కంది కూడా వేసే మెరుగైన పద్ధతిలో హెక్టారుకు సగటున 5 టన్నుల గింజ, పాత పద్ధతిలో టన్ను చిల్లర. చూశారా కంది కలిపితే ఎంత లాభమో అంటారు. కానీ అక్కడ కందితో పాటు ఎత్తు మడులు, వాననీటి నిర్వహణ, మెరుగైన విత్తనం, ఎరువులు అన్నీ కలిసి పనిచేశాయి, పాత పద్ధతి మడిని వానాకాలమంతా ఖాళీగా వదిలేసేవాళ్ళు. అందులోంచి కంది ఒక్కటే పీకి కాక చెలకలో పెడితే 5 టన్నులు రావు.

జొన్న, జనుము, బంతి, మధ్యలో గునుగు

ఆ తర్వాత మళ్ళీ కాక ముందుకు వెళ్ళడానికి నాకు ధైర్యం కావాల్సి వచ్చింది. ఈసారి పంటల పేర్లతో మొదలుపెట్టలేదు. ఈ పురుగు ఏవి తినదు, వాటిలో కాక అమ్ముకోగలిగేవి ఏవి, ఈ రెండు ప్రశ్నలతో కూర్చున్నాం. మొదటి ప్రశ్నకు జవాబులు నా దగ్గర ఉన్నాయి, జొన్న, నువ్వు, జనుము, బంతి. రెండో దానికి జవాబులు చిన్నమ్మ దగ్గర ఉన్నాయి. నువ్వు కోత కూలీకి చాలదని ఆవిడే కొట్టేసింది.

2023 యాసంగిలో రెండు మడుల్లో జొన్న. ఇక్కడో చిన్న చిక్కు, పుస్తకాల్లో ఎవరూ చెప్పరు: ఊరంతా కూరగాయలు వేసి ఒక్కరే జొన్న వేస్తే చుట్టుపక్కల పిచ్చుకలు, చిలకలు అన్నీ ఆ చేలోనే వాలతాయి. కంకి పాలు పోసుకున్న రోజు నుంచి కాక మనవడు డబ్బా కొడుతూ మంచె మీదే. మెరిసే రిబ్బన్లు కట్టారు, నాలుగు రోజులు పనిచేశాయి. అయినా గింజ ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్ళు వచ్చింది, చొప్ప గేదెలకు. సిటీలో సాయంత్రం పూట జొన్నరొట్టెల బండ్లు ఎన్ని పెరిగాయో చూస్తున్నారుగా, షుగర్ పుణ్యమా అని జొన్నకు గిరాకీ ఉంది, గింజ ఇంటి దగ్గరే అమ్ముడుపోయింది. కోశాక మోళ్ళ నుంచి వచ్చే పిలకలు గేదెలు మేయకుండా మాత్రం చూడమన్నా. అది కాకకే నాకంటే బాగా తెలుసు, నాము (ఆ లేత పిలకల్లో ఉండే విషం) అంటే వాళ్ళ ఇంట్లో ఒక బర్రెను పోగొట్టుకున్న జ్ఞాపకం.

మే నెలలో రెండుసార్లు లోతు దుక్కి, ఎండకు వదిలేశాం. 2024 జూన్‌లో వానపడగానే జనుము, పూత మొదలయ్యే దశలో కలియదున్నాం. జీలుగ కావాలా జనుము కావాలా అన్నప్పుడు పచ్చిరొట్టగా (నేలలో కలియదున్నే పచ్చి ఎరువుగా) రెండూ మంచివే, ఈ పురుగు ఉన్న చోట జనుమే అన్నా.

తర్వాత బంతి. బంతి వేళ్ళలో ఆల్ఫా టెర్థియెనైల్ అనే పదార్థం ఉంటుంది, నులిపురుగుకు అది విషం. అయితే ఇందులో ఒక అపోహ బాగా తిరుగుతోంది. టమాటా చేను గట్టు చుట్టూ నాలుగు బంతి మొక్కలు నాటి నెమటోడ్ పోతుందని కూర్చుంటారు. గట్టు మీద బంతి, లేదా పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి, ఇవి కాయతొలుచు పురుగును మళ్ళించడానికి, తల్లి పురుగు వచ్చి బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి. అది వేరే వైద్యం. నులిపురుగుకైతే మడి మొత్తం బంతే ఉండాలి, దగ్గర దగ్గరగా, కనీసం రెండు మూడు నెలలు, వేళ్ళు చేరిన మట్టిలోనే దాని ప్రభావం. అందుకే డబ్బు రాకపోతే ఎవరూ మడంతా బంతి వేయరు.

డబ్బు ఎప్పుడొస్తుందో తెలంగాణలో చిన్నపిల్లనడిగినా చెప్తుంది. 2024లో బతుకమ్మ అక్టోబర్ 2న మొదలై 10న సద్దులు, 12న దసరా. నాటిన యాభై, అరవై రోజులకు పూత అందుకుంటుంది కాబట్టి ఆగస్టు మొదటి వారంలో నాటాం. వెనక్కి లెక్కపెట్టడమంతా చిన్నమ్మే చేసింది, గోడ మీది క్యాలెండర్ ముందు వేళ్ళు మడుస్తూ. పండగ తొమ్మిది రోజులూ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కిలోకు 50, ఒకట్రెండు రోజులు 60 కూడా పలికింది, దసరా మర్నాడు 15. మళ్ళీ దీపావళికి కొంచెం లేచింది. రెండెకరాలకూ ఖర్చులు పోను డెబ్బై వేల దాకా మిగిలింది. టమాటా లాటరీ ముందు ఇదేం డబ్బు అనిపించొచ్చు, కానీ ఇది పురుగును ఆకలితో మాడుస్తున్న నెలల్లో వచ్చిన డబ్బు.

సెప్టెంబర్ చివర్లో కలుపు చూడ్డానికి వెళ్తే నడిమి మడిలో ఒక పక్కంతా బంతి మధ్యలో గునుగు నిలబడి ఉంది, తెల్లగా గులాబీగా కంకులు ఊగుతూ. కలుపు తీసేటప్పుడు కూలీవాళ్ళు గునుగు మాత్రం వదిలేశారట, చిన్నమ్మే వదలమందట. బతుకమ్మకు గునుగు కావాలి కదా, కొనాలా ఏంటి? నేనొకటి పీకి చూశా. వేళ్ళు ముడులే ముడులు. బంతి వేసి పురుగును చంపుతుంటే, దాని పక్కనే గునుగు నీడలో పురుగు సంసారం చేసుకుంటోంది. చిన్నమ్మ ఆ వేరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "బతుకమ్మ అయినంక పీకుతం, ఇప్పుడు పీకనియ్య" అంది. నేను నోరెత్తలేదు. సద్దుల మర్నాడే మొత్తం పీకించి కాల్చేశారు. గునుగు ఉన్న ఆ పక్కనే తర్వాత టమాటాలో ముడులు ఎక్కువ కనిపించాయి, నడిమి మడి మొత్తం మీద అక్కడ మాత్రమే. పంట మార్పిడి అంటే మనం నాటినవే లెక్కేస్తాం, నాటకుండా మొలిచినవి ఎవరూ లెక్కేయరు.

ఈలోపు రోడ్డు మడి

రోడ్డు మడిలో టమాటా ఆగలేదు. 2023 జులై డబ్బు రుచి చూశాక ఎలా ఆగుతుంది? యాసంగిలో షాపువాళ్ళు నెమటోడ్ తట్టుకునే హైబ్రిడ్ అని విత్తనమిచ్చారు, మోసం కాదు, అలాంటి రకాలు నిజంగానే ఉన్నాయి. ఫిబ్రవరి దాకా తోట చూడముచ్చటగా ఉంది, కాక నావైపు అదోలా చూశాడు కూడా. మార్చి నుంచి వాడడం మొదలు. ఆ రకాల్లో ఉండే నిరోధక జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే పనిచేయడం తగ్గిపోతుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి నా థర్మామీటర్ గుచ్చి చూస్తే జానెడు లోతులోపే 34 చూపించింది. చల్లని చోట పనికొచ్చే రకం, మన ఎండాకాలానికి సగం పంట దాకే తోడొస్తుంది. 310 బాక్సులు వచ్చాయి. 2024 వానాకాలంలో 180. వేపపిండి ఎకరానికి 200 కిలోలు వేశారు, ఖరీదైన నులిపురుగు మందు ఒకసారి డ్రిప్పులో ఇచ్చారు, కొద్ది వారాలు ఊపిరి పీల్చుకుని మళ్ళీ అదే కథ.

అసలు పోలిక 2024 డిసెంబర్‌లో మొదలైంది. ఒకే నర్సరీ నారు (కొబ్బరిపొట్టు ట్రేల్లో పెంచింది, మట్టి నారుమడి నుంచి తెస్తే నారుతోనే పురుగు వస్తుంది), ఒకే రకం, ఒకే వారం, మూడు మడుల్లో నాటారు. ట్రాక్టర్‌ను మాత్రం ముందు బోరు మడి, తర్వాత నడిమి మడి, చివర్లో రోడ్డు మడి దున్నమన్నాం, గొర్రు పళ్ళకు అంటిన మట్టితోనే రోగం ఒక మడి నుంచి ఇంకో మడికి పోతుంది. మేలో తోట తీసేసేటప్పుడు ఒక్కో మడిలో పది మొక్కలు అక్కడక్కడా పీకి, ముడులకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులేశా. రోడ్డు మడి నాలుగు పైనే, రెండు మొక్కలకైతే అయిదు. బోరు మడి సరాసరి ఒకటి. నడిమి మడి ఒకటిన్నర, గునుగు పక్క పుణ్యం. దిగుబడి బోరు మడిలో 610 బాక్సులు, నడిమి మడిలో 560, రోడ్డు మడిలో 240.

దీన్ని పరిశోధన అనుకోవద్దు. రోడ్డు మడి కొంచెం ఎత్తులో ఉంది, డ్రిప్పు చివర్లో ఒత్తిడి తగ్గుతుంది, మడికి ఒక్క ఎకరమే. ఒక యాభై బాక్సుల తేడా దానివల్ల అన్నా ఒప్పుకుంటా. 370 బాక్సుల తేడా ఎత్తుపల్లాలతో రాదు.

ఇక డబ్బు. పంట బాగొచ్చిన ఆ ఎండాకాలం ధర పడిపోయింది. సరాసరి బాక్సుకు రెండొందలు కూడా గిట్టలేదు. 610 బాక్సులతో బోరు మడి పెట్టుబడికి పెట్టుబడి సరిపోయింది, 240 బాక్సులతో రోడ్డు మడి డెబ్బై వేలకు పైగా మింగింది. అంటే నా గొప్ప పంట మార్పిడి కాకను ధనవంతుణ్ణి చేయలేదు, నష్టం నుంచి తప్పించింది. మూడేళ్ళు కలిపి లెక్కేస్తే రోడ్డు మడి ఇప్పటికీ పెద్దగా వెనకబడలేదు, 2023 జులై ఒక్కటే దాన్ని నిలబెట్టింది. ఈ లెక్క కాక నాకు కాగితం మీద వేసి మరీ చూపించాడు, నేను కాదనలేదు.

మార్పిడి చేయలేని పనులు కూడా ఉన్నాయి. శిలీంధ్రం వల్ల వచ్చే వడలు తెగులు మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, ఏడాది రెండేళ్ళు పంట మారిస్తే పోదు, దానికి తట్టుకునే రకమే దిక్కు. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్‌కు మన మార్పిడితో పనే లేదు, పక్కవాడి చేలోంచి ఎగిరొస్తుంది. నులిపురుగు కూడా బోరు మడిలో చచ్చిపోలేదు, తగ్గింది అంతే. ఒకటి మార్కు వచ్చిన వేళ్ళలోనే మళ్ళీ నాలుగైదు తరాలు పుట్టి ఉంటాయి, వెంటనే ఇంకో టమాటా వేస్తే మళ్ళీ మూడు, నాలుగు మార్కులే. అందుకే టమాటా ఒక కారు పడితే ఆ మడిలో మళ్ళీ పడడానికి ఏడాది పైనే ఆగాలన్నది ఇప్పుడు మా ఒప్పందం.

2025లో బతుకమ్మ ముందుకొచ్చింది, సెప్టెంబర్ 21కే మొదలు. జనుముకు టైం చాలదని దాన్ని ఒక్క నడిమి మడికే పెట్టి దీపావళి బంతి అనుకున్నాం, బోరు మడిలో జులై నడిమికే బంతి నాటేశాం. రోడ్డు మడిలో మొదటిసారి జొన్న పడింది, నేను అడగలేదు, కాకే చల్లించాడు. గునుగు ఈసారి గడ్డి మడి గట్టు మీద వేరుగా పెంచారు, చిన్నమ్మ తీర్పు.

మొన్న వెళ్ళినప్పుడు కాక మళ్ళీ పాత ప్రశ్న తీశాడు. "అంత మంచిగనే ఉంది సారూ, మల్ల జులైల కిలో వంద అయితే? అప్పుడు నా చేన్ల జొన్న ఉంటే నేనేం గావాలె?" దీనికి నేల శాస్త్రంలో జవాబు లేదు. చివరికి ఇద్దరం బేరమాడి తేల్చుకున్నాం: ప్రతి కారులో పది గుంటలు (పావు ఎకరం) టమాటా, ఎక్కడ వేసినా మరుసటి కారు అక్కడ వద్దు, మూడెకరాల్లో పది గుంటల చొప్పున జరుగుతూ పోవాలి. మూడెకరాలంటే పన్నెండు ముక్కలు, ఒక ముక్క వంతు మళ్ళీ వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. కాక దానికి లాటరీ మడి అని పేరు పెట్టాడు. బోరు షెడ్డు గోడ మీద బొగ్గుతో పన్నెండు గళ్ళు గీసి, మొదటి గడిలో పెద్ద సున్నా చుట్టాడు.